అమ్మకు సెలవెవరిస్తారు?

మార్చి నెల వచ్చిందంటే చాలు, మధ్యతరగతి ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. ఈ వేసవికి ఎక్కడికి వెళదాం? అయ్యగారు ఊటీ అంటారు. పెద్దవాడు సముద్రం అంటాడు. చిన్నదానికి మంచుకొండలు కావాలి. అత్తగారు మాత్రం, "ఎలాగూ అంత దూరం పోతున్నారు కదా, దారిలో ఏదైనా క్షేత్రం చూసుకుని రండి" అని పుణ్యాన్ని కూడా అదే టిక్కెట్టులో ఇరికిస్తారు. ఇంత మంది ఇన్ని మాటలంటుంటే ఇల్లాలు ఒక్కతే నోరు మెదపదు. ఆవిడ లెక్కలు వేరు. పాలవాడికి ఎన్నాళ్లు వద్దని చెప్పాలి, తులసికోటకు నీళ్లెవరు పోస్తారు, ఆవకాయ సీసా మూత సరిగ్గా బిగిసిందా, చిన్నదానికి ఘాట్ రోడ్డులో వాంతులైతే ఏ మాత్ర వేయాలి? ఊరు ఏదైతేనేం, ఆవిడ సామాను ఒక్కటే.

నేను చరిత్ర పండితురాలిని కాను. బి.ఏ.లో చదివిన చరిత్ర, ఆ తర్వాత నవలల కోసం తిరగేసిన పుస్తకాలు, అంతే నా పెట్టుబడి. అయినా రాజులకూ యుద్ధాలకూ చరిత్ర ఉన్నప్పుడు, పిల్లాజెల్లాతో ఇంటిల్లిపాదీ కదిలిపోయే ఈ ప్రయాణానికి మాత్రం చరిత్ర ఉండదా? ఉంది. అది తెలుసుకుంటే మన సూట్‌కేసు కాస్త తేలికవుతుందేమోనని నా ఆశ.

ముందు మాట సంగతి చూద్దాం. మనం ఇవాళ 'సెలవులు' అంటే బడి లేని రోజులు, ఆఫీసు లేని రోజులు అనుకుంటున్నాం. బ్రౌన్ దొర నిఘంటువు తీసి చూస్తే సెలవు అంటే అనుమతి అని ఉంటుంది. "సెలవు పుచ్చుకుంటాను", "మీ సెలవైతే వెళ్లొస్తాను" అనే మాటల్లో ఇప్పటికీ ఆ అర్థమే ఉంది. అదే మాటకు ఖర్చు అన్న అర్థమూ ఇచ్చాడాయన. ఈ రెండో అర్థం చదివి వినిపించగానే మావారి ముఖం ఎంత విప్పారిందో చెప్పలేను. "చూశావా, పెద్దలు ఊరికే అనలేదు!" అన్నారు.

నన్ను పట్టుకున్నది మాత్రం మొదటి అర్థమే. సెలవంటే ఒకరు అడిగేది, మరొకరు ఇచ్చేది. మన అమ్మమ్మలు, వాళ్ల అమ్మమ్మలు గడప దాటాలంటే ఈ సెలవు కావాలి. పుట్టింటికి వెళ్లాలంటే అత్తగారి సెలవు. తీర్థానికి వెళ్లాలంటే ఇంటి పెద్ద సెలవు. అది దొరికినా తోడు రావడానికి ఒక మగమనిషి, కట్టడానికి ఒక బండి, చేలో పని లేని రోజులు కలిసి రావాలి. ఇవన్నీ ఒక్కసారి కుదిరేవి తక్కువ. ఎవరి సెలవూ అడగకుండా ఆడవాళ్లూ పిల్లలూ కదిలే ప్రయాణం ఒక్కటే ఉండేది. అది జాతర. ఊరు ఊరంతా పోతుంటే ఒక్క కోడల్ని ఇంట్లో ఉండమనేదెవరు?

సూర్యాపేట నుంచి కోదాడ వైపు విజయవాడ రహదారి మీద బయలుదేరితే కాసేపటికే చివ్వెంల మండలం వస్తుంది. అందులో దురాజ్‌పల్లి దగ్గర, రోడ్డుకు ఆనుకునే ఒక గుట్ట. అదే పెద్దగట్టు. గొల్లగట్టు అని కూడా అంటారు. గట్టు మీద లింగమంతుల స్వామి, ఆయన చెల్లెలు చౌడమ్మ. గొర్రెలు మేపుకునే యాదవ కుటుంబాలకు ఇంటి దేవుళ్లు. రెండేళ్లకొకసారి మాఘమాసంలో ఇక్కడ జాతర జరుగుతుంది. కేసారం గ్రామం నుంచి దేవరపెట్టె వస్తుంది. ఆదివారం మొదలై అయిదు రోజులు గట్టంతా "ఓ లింగా! ఓ లింగా!" అన్న కేకలతో, డోళ్ల మోతతో దద్దరిల్లుతుంది. తెలంగాణలో మేడారం సమ్మక్క సారలమ్మ జాతర తర్వాత ఇంత పెద్ద జాతర మరొకటి లేదంటారు. 2025లో ఫిబ్రవరి 16 నుంచి 20 వరకు జరిగింది. ఆ రోజుల్లో హైదరాబాదు, విజయవాడల మధ్య నడిచే బండ్లన్నింటినీ వేరే దారులకు మళ్లించాల్సిందే. రెండు మహానగరాల రాకపోకలు ఒక చెల్లెలికీ అన్నకూ దారి ఇచ్చి పక్కకు తప్పుకుంటాయన్న మాట!

మా మేనత్తను ఇచ్చింది చివ్వెంల పక్క ఊరికే. ఎద్దుబండ్ల కాలంలో జాతరకెలా పోయేవారో ఆవిడ చెప్తుంటే, నేను నోటు పుస్తకం తెచ్చుకుని రాసుకున్నాను. నెల ముందే ఇల్లు అలికి సున్నాలు వేయడం, బండి ఇరుసుకు కందెన పెట్టడం, ఎడ్ల మెడలకు గంటలు కట్టడం. బియ్యం, పప్పు, ఉల్లిగడ్డలు, మిరపకాయలు మూటలు. పైన చాపలు, చాపల పైన పిల్లలు. మొక్కు మేకపిల్లను కాసే పని పదేళ్ల పిల్లవాడిది. చంటివాణ్ని చంకనేసుకునే పని వాడి అక్కది. గట్టు కింద చెట్టు నీడ పట్టే పని ముందు వెళ్లిన బండివాళ్లది. నీళ్లు, కట్టెలు మగవాళ్లు తెస్తారు. మూడు రాళ్ల పొయ్యి చుట్టూ ఆడవాళ్లంతా చేరి ఒకరు బియ్యం ఏరితే, ఒకరు కారం నూరితే, ఒకరు చంటిపిల్లలందరినీ కాచుకునేవారట. నాలుగిళ్ల వంట ఒక్క కుండలో.

"మరి అక్కడ కూడా వంటపనేనా అత్తమ్మా?" అన్నాను నేను.

"వంటెక్కడ తప్పుతది బిడ్డా? గని అది ఒక్కదాని వంట గాదు. నెత్తిమీద గంప బరువే గాని మనసు మీద బరువు లేకుండె" అంది ఆవిడ.

జాతరంతా సుఖమేనని ఆవిడా అనలేదు, నేనూ అనడం లేదు. నీళ్లకు కటకట ఉండేది. గుంపులో పిల్లలు తప్పిపోతే తల్లుల గుండెలు ఆగిపోయేవి. పాతకాలంలో తీర్థాలకూ జాతరలకూ వెంట వచ్చే చుట్టం కలరా. పోయినవాళ్లు తిరిగొచ్చేదాకా ఇంటి దగ్గరివాళ్లకు నిద్ర ఉండేది కాదు. అయినా ఆ ప్రయాణంలో ఒక పద్ధతి ఉంది. ఎప్పుడు వెళ్లాలో రెండేళ్ల ముందే తెలుసు కనుక తర్జనభర్జన లేదు. ఒకే చోటు కనుక పరుగులు లేవు. అందరికీ పని ఉంది కనుక ఒక్కరి మీదే బరువు లేదు. ఈ మూడు మాటలూ గుర్తుపెట్టుకోండి, వీటితో తర్వాత పనుంది.

మరి సరదా కోసమే ఊరు కదలడం, అంటే అచ్చమైన విహారయాత్ర, మనకెప్పుడు వచ్చింది? రాజులకు ముందునుంచీ ఉంది. గోలకొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే పాత దారి మా నల్లగొండ సీమ మీదుగానే వెళ్లేది. వజ్రాల వర్తకుడు తావెర్నియే 17వ శతాబ్దంలో ఆ దారి మజిలీలు రాసిపెట్టాడు. వాటిలో పానగల్లు ఉంది, సూర్యాపేటకు దగ్గర్లోని నాగులపాడు ఉంది. హైదరాబాదులో ఆ దారికి మొదట్లో వచ్చే హయత్‌నగర్‌కు ఆ పేరు గోలకొండ రాణి హయత్‌బక్షీ బేగం వల్ల వచ్చింది. ఆవిడ కొడుకు అబ్దుల్లా కుతుబ్‌షా 1639లో సపరివారంగా మచిలీపట్నం వెళ్లి సముద్రం చూసి వచ్చాడు. దారి పొడుగునా డేరాలు, వంటశాలలు, ఏనుగులు. ఏర్పాట్లు చూడడానికి ఒక ప్రభుత్వమే ఉంది! మనకు ప్రభుత్వం లేదు. మనమే మంత్రులం, మనమే వంటవాళ్లం, మనమే డేరాలు మోసేవాళ్లం.

రాజు కాని ఒక తెలుగు గృహస్థు చేసిన పెద్ద కుటుంబ ప్రయాణం గురించి వివరంగా తెలిసేది 1830లో. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో పెద్ద ఉద్యోగి ఏనుగుల వీరాస్వామయ్య. కోర్టు దొరల దగ్గర సెలవు తీసుకుని, ఇంటి ఆడవాళ్లతో, బంధువులతో, బోయీలతో, నౌకర్లతో నూరుమంది దాకా పరివారాన్ని వెంటబెట్టుకుని 1830 మే 18న కాశీకి బయలుదేరాడు. హైదరాబాదు, నాగపూర్, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా, జగన్నాథం చూసుకుని 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరాడు. పదిహేను నెలల సెలవు! మావారికి పదిహేను రోజులు అడిగితే ఆఫీసులో గుండెపోటు వస్తుంది.

వీరాస్వామయ్య దారిలో చూసినవన్నీ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి రాస్తూ వచ్చాడు. వాటిని ఆయన 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చు వేయించాడు. ఏ ఊళ్లో నీళ్లు మంచివి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, ఎక్కడ ఏ సరుకు దొరుకుతుంది, ఏ దారి రాళ్ల దారి, ఏది ఇసుక దారి, అన్నీ ఉంటాయి అందులో. పిల్లలతో ప్రయాణం చేసే ఏ తల్లి అయినా అడిగే ప్రశ్నలు సరిగ్గా ఇవే కదా! కానీ ఆ పుస్తకం చదువుతున్నంతసేపూ నాకొక లోటు కనిపిస్తూనే ఉంది. అంత దూరం ఆయన వెంట నడిచిన ఆడవాళ్లు ఏమనుకున్నారో తెలియదు. పల్లకీ తెరలోంచి వాళ్లకు గంగ ఎలా కనిపించిందో, మజిలీలో ఎవరికి ఒళ్లు వెచ్చబడిందో, ఎవరు ఎవరి జడ వేశారో ఎవరూ రాయలేదు. వాళ్లే కలం పట్టి ఉంటే మనకు ఇంకో కాశీయాత్ర ఉండేది.

ఇక పడమటి దేశాల్లో ఈ సరదా ప్రయాణాలు రైళ్లతో మొదలయ్యాయి. 1841 జూలై 5న థామస్ కుక్ అనే ఆయన ఇంగ్లండులో లెస్టర్ నుంచి లఫ్‌బరోకు సుమారు 500 మందిని, తలకొక షిల్లింగు చొప్పున, రైల్లో తీసుకెళ్లి తెచ్చాడు. ఎందుకో తెలుసా? మద్యం మానాలని చెప్పే సభకు! ఇవాళ్టి టూరు కంపెనీలకు మూలపురుషుడు మద్యనిషేధవాది అంటే కొందరు మగవాళ్లకు నచ్చకపోవచ్చు. అయితే రైలున్నా కూలివాడికి సెలవేదీ? జీతం కోయకుండా ఏడాదికి రెండు వారాల సెలవు ఫ్రాన్సులో కార్మికులు 1936లో సాధించుకున్నారు. ఇంగ్లండులో ఆ చట్టం 1938లో వచ్చింది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు కుటుంబంతో ప్రయాణం చేయడానికి 1956లో ఎల్.టి.సి. అనే సదుపాయం వచ్చాక, అయ్యగారి జీతంతో పాటు అమ్మగారి ప్రయాణం కూడా ఒక సర్కారు కాగితం మీదికెక్కింది.

మా వైపు మాత్రం రైలు కథ వేరు. సూర్యాపేట పట్టణానికి ఇప్పటికీ రైలు లేదు. మా సెలవులన్నీ బస్సు సెలవులే. నిజాం రాజ్యంలో ప్రభుత్వ బస్సులు 1932 జూన్‌లో మొదలయ్యాయి, మొత్తం 27 బస్సులతో. ఇప్పటికీ మన ఆర్టీసీ బస్సు నంబరులో 'జడ్' అనే అక్షరం ఉంటుంది. ఏడో నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు గుర్తుగా ఆ అక్షరం పెట్టించాడని చెప్పుకుంటారు. ఈసారి ప్రయాణంలో పిల్లలు విసిగిస్తుంటే ఎదురొచ్చే బస్సుల్లో ఆ అక్షరం వెతకమనండి. అరగంట మీకు ప్రశాంతంగా గడుస్తుంది. అక్షరం ఒక అమ్మది, ప్రశాంతత ఇంకో అమ్మది.

బస్సు వచ్చాక ఆడవాళ్ల ప్రయాణంలో పెద్ద మార్పే వచ్చింది. బండి కట్టమని అడగక్కర్లేదు, ఎడ్లకు తీరిక చూడక్కర్లేదు. గంటకు నాలుగు కిలోమీటర్లు కూడా నడవని ఎడ్లబండి మీద రోజంతా పోయే దూరం ఒక్క గంటలో తేలిపోయింది. చంకన ఒకణ్ని, చేత పట్టుకుని ఒకదాన్ని, నెత్తిన ఒక సంచిని పెట్టుకుని ఎందరు తల్లులు పుట్టింటికి ఒంటరిగా వెళ్లి రాగలిగారో! పిల్లలకు వేసవి సెలవులంటే అమ్మమ్మగారి ఊరు. అక్కడ మామిడికాయలు, బావిలో ఈతలు, మేడ మీద పడకలు. అమ్మకు మాత్రం అది నిజమైన సెలవు. ఏడాదిలో నెల రోజులు ఎవరో ఒకరు వండి "తిను బిడ్డా" అని పెట్టే చోటు లోకంలో అదొక్కటే.

అసలు చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. అమ్మమ్మలు పట్నం చేరారు. పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడ్డాయి. జాతరబండిలో నాలుగిళ్లవాళ్లు వెళ్లేవారు, ఇప్పుడు కారులో నలుగురం వెళుతున్నాం. మోసే చేతులు తగ్గాయిగానీ మోసే బరువు తగ్గలేదు. ఒకప్పుడు పదిమంది ఆడవాళ్లు పంచుకున్న గంప ఇప్పుడు ఒక్కదాని నెత్తిన ఉంది. దానికి మనం పెట్టుకున్న పేరు విహారయాత్ర.

మా వీధిలో ఒకావిడ ఉన్నారు. కిందటేడు కుటుంబమంతా నాలుగు రోజులు సముద్రతీరానికి వెళ్లొచ్చారు. వంట చేసుకునే వీలున్న గది తీసుకున్నారట, పిల్లలకు బయటి తిండి పడదని. తిరిగొచ్చాక వాళ్ల అమ్మాయి బడిలో వ్యాసం రాసింది. నాకు చూపించింది. అలలు, గవ్వలు, ఒంటె మీద స్వారీ, నాన్నతో కట్టిన ఇసుక గుడి, అన్నీ ముచ్చటగా రాసింది. అమ్మ గురించి ఒక్కటే వాక్యం: అమ్మ గదిలో ఉంది. పిల్ల ఫిర్యాదుగా రాయలేదు. ఉన్నది ఉన్నట్టు రాసింది. ఆ వాక్యం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లకు సముద్రం గుర్తుంటుంది, నాన్న నవ్వు గుర్తుంటుంది. ఆ నవ్వు పక్కన అమ్మ నవ్వు ఉండదు. వీరాస్వామయ్యగారి పుస్తకంలో ఆడవాళ్లు లేరని ఇందాక నేను వాపోయానే, 200 ఏళ్లకు దగ్గర పడుతున్నా మన ఇంటి చరిత్రలో కూడా వాళ్లు గదిలోనే ఉండిపోతున్నారు.

అందుకే నేను పెద్దగట్టు పద్ధతికి వెళ్లమంటాను. మూడే సూత్రాలు చెప్పాను కదా. తేదీ ముందే తేల్చుకోవడం, చోట్లు తక్కువ పెట్టుకోవడం, పని అందరికీ పంచడం. దీన్ని చివ్వెంల చుట్టుపక్కలే మూడు రోజుల ప్రయాణంగా ఎలా అమర్చుకోవచ్చో చెప్తాను. ముందుగా ఒక హెచ్చరిక. వేసవిలో మాత్రం వద్దు. మా నల్లగొండ బండలు ఏప్రిల్‌లో పెనంలా కాలుతాయి. దసరా సెలవులో, సంక్రాంతి సెలవులో అయితే పిల్లల పాదాలకు హాయి.

మొదటి రోజు పొద్దున్నే ఉండ్రుగొండ. ఇదీ చివ్వెంల మండలమే. కొండ మీద పాత కోట, నరసింహస్వామి గుడి. శ్రీకృష్ణదేవరాయలు కళింగం మీద దండెత్తినప్పుడు తెలంగాణలో పట్టుకున్న కోటల వరుసలో దీని పేరు ఉండ్రకొండ అని వస్తుంది. పాఠ్యపుస్తకంలో రాయల పేరు బట్టీపట్టే కుర్రాడికి ఆయన సైన్యం చూసిన కొండను చూపించండి. వాడే మీకంటే ముందు ఎక్కుతాడు. ఎండ ముదరకముందే దిగి, మధ్యాహ్నం అందరూ పడుకోవాలి. అమ్మ కూడా!

సాయంత్రం సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రి. కాకతీయుల నాటి గుళ్లు, నున్నగా తీర్చిన నల్లరాతి స్తంభాలు, వాటి నిండా శిల్పాలు. అక్కడ నామేశ్వరాలయం నామిరెడ్డి కట్టించింది. ఎరకేశ్వరాలయం మాత్రం ఒక ఇల్లాలు కట్టించింది. రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ. 1208లో వేయించిన శాసనంలో ఆవిడ పేరు ఉంది. స్వామికి పెట్టిన పేరులో కూడా ఆవిడ పేరే ఉంది. మీ అమ్మాయిని ఆ గుడి ముందు నిలబెట్టి ఈ సంగతి చెప్పండి. 800 ఏళ్ల కింద మన పక్క ఊళ్లో ఒకావిడ తన పేరు రాయి మీద చెక్కించుకుందని తెలిస్తే, ఆ పిల్ల తన పేరును నోటు పుస్తకం మీద ఇంకొంచెం పెద్ద అక్షరాలతో రాసుకుంటుంది.

రెండో రోజు ఫణిగిరి. సూర్యాపేట నుంచి ఓ గంట ప్రయాణం. పాము పడగలాంటి కొండ కనుక ఆ పేరు. పైన దాదాపు 2000 ఏళ్ల నాటి బౌద్ధ స్తూపం, విహారాలు బయటపడ్డాయి. ఇక్కడి శిల్పాలు 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు వెళ్లి వచ్చాయి. మన పక్క ఊరి రాళ్లు అమెరికా చూసొచ్చాయి, మనమింకా వాటిని చూడలేదు! 2024లో తవ్వకాల్లో ఇక్కడ ఒక కుండ దొరికింది. దాన్నిండా సీసపు నాణేలు, 3,730. పిల్లలకు శిల్పాల కంటే ఈ కుండ కథే నచ్చుతుంది, నచ్చనివ్వండి. ఎవరు దాచారు, ఎందుకు దాచారు, తిరిగి ఎందుకు రాలేదు అని దారంతా ఊహించుకుంటారు. నవలలు రాసేదాన్ని కనుక చెబుతున్నాను, పిల్లలకు జవాబుల కంటే ఇలాంటి ప్రశ్నలే మంచి కాలక్షేపం.

మూడో రోజు మిర్యాలగూడ మీదుగా నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ ఎడమ కాలువ నీళ్లే మిర్యాలగూడ, కోదాడ పొలాలను వరి మడులుగా మార్చాయి. పిల్లలకు లాంచీ ఎక్కడమే పండగ. ఆ లాంచీ చేరే నాగార్జునకొండ మ్యూజియంలో మనకూ ఒక పలకరింపు ఉంది. లోయ మునిగిపోకముందు తవ్వి తీసిన శాసనాల్లో చాంతిసిరి అనే ఆవిడ పేరుంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త. 3వ శతాబ్దంలో అక్కడి మహాచైత్యానికి దాత ఆవిడే. ఒక్క ఊరి చుట్టూ మూడు రోజులు తిరిగితే, పేరు మిగిల్చుకున్న ఇద్దరు ఆడవాళ్లు కనిపించారు చూశారా!

ఇక పని పంపకం. ఇదే అసలు ఘట్టం. జాతరబండిలో పదేళ్లవాడికి మేకపిల్లను అప్పజెప్పినట్టు, మీ పదేళ్లవాడికి నీళ్ల సీసాలు అప్పజెప్పండి. నింపడం, లెక్కపెట్టడం వాడి బాధ్యత. పెద్దపిల్లకు దారి పటం, ఖర్చుల పుస్తకం. ఎంత సెలవైందో రాయడం బ్రౌన్ దొర రెండో అర్థంలో ఆ పిల్లకు పాఠం. ఎవరి బట్టల సంచి వారే సర్దుకోవాలి. మరచిపోతే మరచిపోనివ్వండి, తువ్వాలు లేకుండా ఒక రోజు గడిపినవాడు జన్మలో మరచిపోడు. మందులు, బస, బండి అయ్యగారి శాఖ. బయలుదేరే రోజుకు పులిహోర, పెరుగన్నం కలిపి పట్టుకెళ్లండి. ఆ తర్వాత మాత్రం పొయ్యి వెలిగించేది లేదని ముందే చెప్పేయండి. మూడు రోజులు ఇడ్లీ తింటే ఏ పిల్లవాడూ చిక్కిపోడు.

వీలైతే ఇంకో కుటుంబాన్ని కలుపుకోండి. చెల్లెలినో, వదినగారినో, పక్కింటివాళ్లనో. పిల్లలు పిల్లలతో ఆడుకుంటారు. ఒక తల్లి అయిదుగురిని కాచుకుంటుంటే ఇంకో తల్లి స్తంభం నీడన కూర్చుని శిల్పం వంక చూస్తుంది. మర్నాడు మార్పు. మా మేనత్త చెప్పిన మూడు రాళ్ల పొయ్యి రహస్యం ఇంతే.

"ఇవన్నీ మా ఇంట్లో సాగుతాయా?" అని మీరు అడగవచ్చు. ఒక్కసారిగా సాగవు. మొదటిసారి నీళ్ల సీసా బస్సులో ఉండిపోతుంది. ఖర్చుల పుస్తకంలో కూడికలు తప్పుతాయి. అయ్యగారు మాత్రల డబ్బా ఇంట్లోనే వదిలేసి, "నువ్వు గుర్తు చేయలేదే" అంటారు. అప్పుడు గబుక్కున లేచి గంప మళ్లీ నెత్తికెత్తుకోకండి. సూర్యాపేటలో మందుల దుకాణాలు చాలా ఉన్నాయి, వెళ్లి తెస్తారు.

మన అమ్మమ్మలు సెలవు అడిగేవారు, ఇచ్చేవారు ఇచ్చేవారు, లేకపోతే లేదు. మనకు ఇవాళ ఆపేవారు పెద్దగా ఎవరూ లేరు. ఇచ్చేవారూ కనబడరు, ఎందుకంటే ఎవరూ అడగడం లేదు. వచ్చే సెలవుల చర్చలో ఊటీ, సముద్రం, మంచుకొండ అన్నీ అయ్యాక, "మరి నాకెన్ని రోజులు సెలవు?" అని ఒక్క మాట అడిగి చూడండి. మొదట ఇల్లంతా నిశ్శబ్దమైపోతుంది. తర్వాత పిల్లల్లోనే ఎవరో ఒకరు సరైన జవాబు చెబుతారు.